పీఎఫ్ బల్లకు అవతల కూర్చున్న జ్యోతిర్మయి గారు

1991 ఆగస్టు ఐదో తేదీన మా కర్మాగారం అకౌంట్స్ విభాగంలో జూనియర్ అసిస్టెంటుగా ప్రవేశించిన శ్రీమతి జ్యోతిర్మయి గారు, ఈ నెలాఖరున సెక్షన్ ఆఫీసరుగా పదవీ విరమణ చేస్తున్నారు. సావనీరులో నన్నూ నాలుగు మాటలు రాయమన్నారు. నేను అక్షరాలు నేర్చింది మా కాంట్రాక్టు కార్మికుల సంఘం కరపత్రాల్లో. ఆవిడ మీద నినాదాలు రాసింది నేనే గనుక, పొగడ్తా నన్నే రాయమన్నారు కాబోలు.

జీతాల సెక్షన్‌లోనూ, టైమాఫీసులోనూ సమర్థంగా సేవలందించిన అనంతరం, 2009లో వారు కాంట్రాక్టు కార్మికుల పీఎఫ్ బల్లకు వచ్చారు. ఎవరూ కోరి రాని బల్ల అది. ఏటా జూన్‌లో పిల్లల కాలేజీ ఫీజులు, ఏటా అవే అరుపులు. కాంట్రాక్టరు మారగానే పని మానేసినట్టు రాసిచ్చి పీఎఫ్ మొత్తం తీసేసుకోవడం మా వాళ్ళ ఆనవాయితీ. ఐదేళ్ళు నిండని ఖాతాను అలా ఖాళీ చేస్తే ఆదాయపు పన్ను కోత పడుతుంది, సర్వీసూ పోతుంది. పాత ఖాతాను కొత్తదానిలో కలిపితే సర్వీసు నిలుస్తుంది, పిల్లల చదువుకు అడ్వాన్సు వస్తుంది, దాని మీద పన్ను లేదు. ఈ ముక్క చెప్పీ చెప్పీ ఆవిడ గొంతు పోయింది. వినే ఓపిక మాకూ పోయింది.

యారాడ నుంచి వచ్చే, బరువులెత్తే ఖలాసీ అప్పలసూరి కూతురు పుష్పకు నర్సింగ్ సీటొచ్చిన ఏడు అదే జరిగింది. నెలాఖరుకు ఫీజు కట్టకపోతే సీటు పోతుంది. పని మానేసినట్టు అతను తెచ్చిన కాగితం మీద ఆవిడ సంతకం పెట్టనన్నారు. మేం జెండాలతో బల్లను చుట్టుముట్టాం.

“మా డబ్బు మాకియ్యడానికి మీకేటమ్మా నొప్పి?” అన్నాడు అప్పలసూరి.

“నాకేం నొప్పి నాయనా? పాత కాంట్రాక్టరు ఒక్క సంతకం పెడితే ఖాతాలు కలుస్తాయి. సర్వీసంతా ఎందుకు తగలేసుకుంటావు?”

“ఆడు పెట్టడమ్మా. ఆపీసుకెల్తే కుక్కనొదుల్తాడు.”

“అయితే పద. నన్నూ కరవనీ.”

గొడుగు, క్యారేజీ పట్టుకుని ఆవిడ ద్వారకా నగర్‌లోని ఆ కాంట్రాక్టరు ఆఫీసుకు బయల్దేరారు. జెండాలు మడవకుండానే మేం వెనకాల నడిచాం. అయ్యగారు లేరన్నారు గుమాస్తాలు. లోపల అయ్యగారి దగ్గు వినిపిస్తూనే ఉంది. ఆవిడ మెట్ల మీద కూలబడి క్యారేజీ విప్పారు.

“ఏటమ్మా, మీరు ఆపీసరా, అప్పులోల్లా?” అన్నాడు అప్పలసూరి.

“అప్పులవాళ్ళు పులిహోర పెడతారా? తిను.”

పొద్దువాలాక కాంట్రాక్టరే బయటికొచ్చాడు. “జెండాలోల్లైతే అరిసి ఎల్లిపోతారు. ఈవిడ లెగదు బాబూ,” అంటూ సంతకం పెట్టాడు. గడువులోపల అడ్వాన్సు కోత లేకుండా వచ్చింది. పుష్ప ఇప్పుడు నర్సు.

ఇది ఘనవిజయమని నేను రాయను. మరుసటి జూన్‌లో మళ్ళీ కాంట్రాక్టరు మారాడు, మళ్ళీ అదే గొడవ. ఆవిడా అలిసిపోయారు, నేనూ అలిసిపోయాను. ఇప్పుడు ఆ బల్లే తీసేసి, అంతా ఫోన్లో చేసుకోమంటున్నారు. ఫోను ఎవడి మెట్ల మీదా కూర్చోదు.

సింహాద్రి అప్పన్నకు మొక్కే అలవాటు నాకు లేదు. ఆవిడ పేరున అప్పలసూరి మొక్కాడు. “మా పుస్ప ఆసుపత్రికి అమ్మగారు ఓపీ సీటీ రాయించుకోడానికి రాకూడదు. క్యారేజీ అట్టుకుని సుట్టంలా రావాల,” అని రాయమన్నాడు, రాశాను. భర్త తిరుమలరావు గారితో, పిల్లాపాపలతో, మోకాళ్ళ నొప్పులు లేకుండా, ఎవరి మెట్ల మీదా ఎవరి కోసమూ కూర్చోవలసిన పని లేకుండా, జ్యోతిర్మయి గారు నిండు నూరేళ్ళు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలి.

– కన్నబాబు, కాంట్రాక్టు కార్మికుల సంఘం