ఎడమ మూలను ఖాళీగా ఉంచిన ఆర్లెన్ లాహ్తి గారు

1989 సెప్టెంబరు 18, సోమవారం ఉదయం, సుపీరియర్ సరస్సు మీది పొగమంచు డులూత్ రేవును పూర్తిగా కప్పేసిన వేళ, శ్రీ ఆర్లెన్ లాహ్తి గారు మన డులూత్ స్టీమర్స్ బాస్కెట్‌బాల్ జట్టు కార్యాలయంలో వీడియో టేపుల గుమాస్తాగా ఉద్యోగంలో చేరారు. ఇనుప ఖనిజం మోసే ఓడల మీద జీవితం గడిపిన తండ్రికీ, బడిపిల్లలకు వంట చేసిపెట్టిన తల్లికీ జన్మించిన ఆ ఇరవై తొమ్మిదేళ్ల యువకుడికి ఆనాడు అప్పగించిన బాధ్యత స్వల్పమైనదే. ప్రత్యర్థి జట్ల ఆటలు చూసి, ఎవరు ఎటు తిరుగుతారో, ఎవరు ఎప్పుడు అలసిపోతారో రాసి ఇవ్వాలి. కిటికీ లేని గదిలో ఆయన ఆ ఆటలను శబ్దం తీసేసి చూసేవారు. బంతి ఉన్నచోటు అందరూ చూస్తారనీ, బంతి లేనిచోట ఏం జరుగుతున్నదో చూడడమే తన పని అనీ ఆయన నమ్మకం.

ఏడేళ్ల అనంతరం వర్ధమాన క్రీడాకారుల అన్వేషకులుగా, 2003 మే మాసంలో ఆటగాళ్ల ఎంపిక విభాగాధిపతిగా వారు పదోన్నతి పొందారు. అప్పటికి మన జట్టు పదకొండేళ్లుగా అట్టడుగున ఉంది. ప్రేక్షకులు సిగ్గుపడి, కళ్ల దగ్గర కన్నాలు పెట్టిన కాగితపు సంచులు తలలకు తొడుక్కుని వచ్చేవారు. జట్టు యజమానురాలు డోలొరెస్ హాగ్‌స్ట్రమ్ గారు నియామకపత్రం చేతికిస్తూ అన్న మాటలు నేటికీ కార్యాలయంలో చెప్పుకుంటారు.

“మూడేళ్లు టైమిస్తున్నా ఆర్లెన్. అప్పటికీ బాగుపడకపోతే జట్టును వేరే ఊరికి పంపేస్తా. దానికన్నా ముందు నిన్ను ఇంటికి పంపేస్తా.”

“నాకు ఇల్లు దగ్గరేనండి,” అన్నారట లాహ్తి గారు.

ఏటా జూన్‌లో జరిగే డ్రాఫ్ట్‌లో, క్రితం ఏడు ఎక్కువగా ఓడిన జట్లకు కొత్త ఆటగాళ్లను ముందుగా కోరుకునే హక్కు లభిస్తుంది. ఓటమి ఇచ్చే ఏకైక కానుక అది. దానిని ఎవరి మీద వెచ్చించాలో నిర్ణయించడం కోసం 2004 ఫిబ్రవరిలో వారు మిషిగన్ రాష్ట్రంలోని సాగినా పట్టణానికి, తమ సహచరుడు మార్వ్ డిట్మర్ గారితో కలిసి వెళ్లారు. ఒక చిన్న కళాశాల వ్యాయామశాలలో, మధ్యాహ్నపు ఆటలో, ఓరిన్ ప్రూయిట్ అనే పంతొమ్మిదేళ్ల ఆటగాణ్ణి ఆయన మొదటిసారి చూశారు. ఓరిన్ కవల సోదరుడు ఆల్విన్ రెండేళ్ల క్రితం, కోర్టు ఎడమ మూలలో చేతులెత్తి తమ్ముడి పాస్ కోసం ఎదురుచూస్తూనే గుండె ఆగి కూలిపోయాడు. నాటి నుంచి ఓరిన్, ఆట మధ్యలో అకస్మాత్తుగా ఎవరూ లేని ఆ మూలకు బంతి విసిరేవాడు. అద్భుతమైన నైపుణ్యం ఉండీ, దేశంలోని జట్లన్నీ అతడి పేరు కొట్టివేసింది అందుకే.

“చూశావా? గోడకి పాసిస్తున్నాడు,” అన్నారు డిట్మర్ గారు. “బుర్ర చెడిపోయింది పాపం. పద, కాఫీ అయినా తాగుదాం.”

“గోడకి కాదు మార్వ్. మూలకి.”

“మూలలో ఎవడున్నాడు?”

“ఎవరూ లేరు. మరి అవతలి జట్టులో ఆ ఆరో నంబరువాడు చేతులు చాపుకుని ఎవరికి అడ్డం నిలబడ్డట్టు?”

డిట్మర్ గారు మళ్లీ కూర్చున్నారు. కాఫీ మాట ఎత్తలేదు.

డులూత్ చేరాక లాహ్తి గారు ఓరిన్ ఆడిన ఇరవై మూడు ఆటల టేపులు తెప్పించుకున్నారు. ఓరిన్ ఆ మూలకేసి చూసిన సందర్భాలు నలభై ఒకటి. నలభై ఒక్కసార్లూ ప్రత్యర్థుల్లో ఒకడు తాను కాయవలసిన మనిషిని వదిలేసి, ఖాళీ మూలకు పరుగెత్తి, అక్కడ నిలువెత్తు మనిషిని అడ్డుకుంటున్నట్టు చేతులు చాపాడు. ఆయన వారిలో ఇద్దరికి ఫోన్ చేశారు. ఒకడు తాను అటు వెళ్లనే లేదని ప్రమాణం చేశాడు. రెండోవాడు, “ఇంకెప్పుడూ నాకు ఫోన్ చెయ్యకండి,” అని పెట్టేశాడు.

ఆ వసంతంలో ఒక ఆదివారం, చర్చి ప్రార్థన ముగిసిన పిమ్మట, లాహ్తి గారు ప్రూయిట్ల ఇంటికి వెళ్లారు. తల్లి జెనీవా గారు వేయించిన చేపా, ఆకుకూరా వడ్డించి, ఆయన తినేదాకా మాట్లాడకుండా ఎదురుగా కూర్చున్నారు.

“అందరూ వద్దన్నవాడు మీకెందుకండీ?” అని చివరికి అడిగారు.

“వాడు చూసేది నాకు కనపడదమ్మా. కానీ అక్కడేదో ఉందని మాత్రం తెలుస్తోంది.”

“ఉంది. నేను కన్నదే.” ఆమె పళ్లెం పక్కకు జరిపారు. “మీరు తీసుకెళ్లేది ఇద్దర్ని. సంతకం ఒక్కడే పెడతాడు. అది మర్చిపోకండి. ఆ మూలలో ఇంకెవర్నీ నిలబెట్టనని నాకు మాటివ్వండి.”

లాహ్తి గారు మాట ఇచ్చారు. జూన్‌లో మూడవ ఎంపికగా ఓరిన్ పేరు ప్రకటించినప్పుడు మన అభిమానులే కేకలు వేసి వెక్కిరించారు.

తదుపరి రెండు సంవత్సరాలు ఈ సంస్థలో పనిచేసిన వారెవరూ మరువలేరు. మొదటి ఏడు పదమూడు గెలుపులు, అరవై తొమ్మిది ఓటములు. రెండవ ఏడు పదహారు గెలుపులు, అరవై ఆరు ఓటములు. ఓరిన్ విసిరిన బంతులు ఎడమ మూల దాటి మొదటి వరుస ప్రేక్షకుల ఒళ్లో పడేవి. ఒకే శీతకాలంలో ఆ వరుసలోని పదకొండు కుటుంబాలు వేరే కుర్చీలు అడిగాయి. బంతులు తగిలాయని ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. కారణం రాయవలసిన గడిని అందరూ ఖాళీగానే వదిలేశారు. టిక్కెట్ల విభాగం పంపిన ఆ కాగితాలను లాహ్తి గారు ఒక్కొక్కటిగా చదివి, మడిచి, తమ బల్ల సొరుగులో పెట్టుకున్నారు.

2006 జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, శిక్షకులు రస్ ఫెడర్లీ గారు ఓర్పు నశించి, డెల్రాయ్ అనే ఆటగాణ్ణి ఆ మూలలో నిలబెట్టారు. బంతి అందుకున్న ఓరిన్ ఉన్నచోటనే ఆగిపోయాడు. బుట్టకేసి విసరడానికి ఇచ్చే ఇరవై నాలుగు సెకన్ల గడువు ముగిసినా బంతి విడువలేదు. వరుసగా అయిదుసార్లు అదే జరిగింది. ఆరోసారి డెల్రాయ్ దగ్గరకు నడిచి వెళ్లి, ఎంతో మర్యాదగా అన్నాడు.

“కొంచెం జరుగు అన్నా. వాడి మీద నుంచున్నావు.”

డెల్రాయ్ బయటికి వచ్చి, ఆ రోజు మళ్లీ కోర్టులో అడుగు పెట్టలేదు. ఆట ముగిశాక ఫెడర్లీ గారు లాహ్తి గారి గదిలోకి దూసుకొచ్చారు.

“నలుగురితో ఎన్నాళ్లు ఆడించమంటావయ్యా నన్ను?”

“అయిదుగురితోనే ఆడిస్తున్నావు కదా రస్.”

“ఓరిన్‌ని లెక్కేసినా నాకు కనపడేది నలుగురే! ఆ మూల వదిలేస్తే అయిదోవాణ్ణి పెట్టుకోవడానికి చోటే లేదు. ఇంతకీ నువ్వు లెక్కేస్తున్న అయిదోవాడెవడు?”

లాహ్తి గారు, తన చేత మాట తప్పించి ఆ మూలలో మనిషిని నిలబెట్టినందుకు ఫెడర్లీ గారిని ఒక్క మాటా అనలేదు. కానీ ఇచ్చిన మాట తప్పిపోయిందన్న బాధ ఆయనను వదల్లేదు. ఇంటికి వెళ్లి జరిగింది చెబితే, ఆయన సతీమణి ఐలా గారు నిర్మొహమాటంగా అడిగారట, “ఆ పిల్లాణ్ణి బాగుచెయ్యాలని తెచ్చావా, వాడుకోవాలని తెచ్చావా?” అని. ఆయన రాజీనామా రాసి, నెల రోజులు కోటు జేబులో పెట్టుకుని తిరిగారు. చివరికి ఓరిన్‌నే పిలిచి, ఇంటికి పంపించేయమంటావా అని అడిగారు.

“నేను వెళ్లిపోతే వాడెక్కడికి పోతాడు సార్?” అన్నాడు ఓరిన్. “ఇప్పుడిప్పుడే ఈ ఊరు అలవాటవుతోంది వాడికి.”

లాహ్తి గారు రాజీనామా చించేశారు.

ఇచ్చిన గడువులో చివరి అవకాశంగా, 2006 జూన్‌లో, లిథువేనియా దేశస్థుడైన గింటారస్ అనే యువకుణ్ణి వారు రెండవ ఎంపికగా తీసుకున్నారు. అతడికి అప్పటికే రెండు మోకాళ్లకూ శస్త్రచికిత్సలు జరిగాయి.

“పోయినసారి లేనివాడికి బంతిచ్చేవాణ్ణి పట్టుకొచ్చావు,” అన్నారు డిట్మర్ గారు. “ఈసారి మోకాళ్లు లేనివాణ్ణి తెచ్చావు. వచ్చే ఏడు తల లేనివాణ్ణి చూడు, సెట్టు పూర్తవుతుంది.”

అక్టోబరులో తొలి అభ్యాసం. గింటారస్‌కు ఇంగ్లీషు సరిగా రాదు. ఆల్విన్ సంగతి అతడికి ఎవరూ చెప్పలేదు. ఆట మొదలైన కాసేపటికి అతడు ఎడమ మూలకేసి పరుగెత్తాడు. మూలకు ఒక అడుగు ఇవతల అతడు టక్కున ఆగి, ఎదుటి మనిషికి దారి ఇస్తున్నట్టు భుజం పక్కకు తిప్పి, తల పంకించి, అప్పుడు మూలలోకి వెళ్లి నిలబడ్డాడు. ఓరిన్ చేతిలోంచి వచ్చిన బంతి నేరుగా అతడి అరచేతుల్లో వాలింది. బంతి బుట్టలో పడ్డ చప్పుడు తప్ప ఆ శాలలో మరే శబ్దమూ లేదు. ఓరిన్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఎవరికీ తెలియలేదు.

లాహ్తి గారు గింటారస్‌ను పక్కకు పిలిచారు. “అక్కడెందుకు ఆగావు?”

“ఆ అబ్బాయి ఉన్నాడు కదా. నన్ను చూసి జరిగాడు. చోటిచ్చాడు.”

“ఏ అబ్బాయి?”

“మీ అబ్బాయే. సన్నగా, ఎడమచేతివాడు.” గింటారస్ కోర్టు అంతా కలియజూశాడు. “ఏడీ? స్నానానికి వెళ్లాడా?”

ఆల్విన్ ఎడమచేతివాడే. ఆనాడే లాహ్తి గారు జెనీవా గారికి ఫోన్ చేసి, జనవరిలో డెల్రాయ్‌ని ఆ మూలలో నిలబెట్టిన పొరపాటుతో సహా జరిగినదంతా దాచకుండా చెప్పారు.

“చిన్నప్పట్నుంచీ వాడంతే,” అన్నారు ఆమె. “మంచం మీద కూడా తమ్ముడికి జరిగి చోటిచ్చేవాడు. ఇప్పుడు మూల వదిలాడంటే, అక్కణ్ణించి ఎటు వెళ్లాడో కాస్త చూస్తుండండి. ఒంటరిగా వదిలెయ్యకండి.”

ఆ ఏడు ముప్పై ఎనిమిది గెలుపులు, మరుసటి ఏడు యాభై ఒకటి. జట్టు ఊరు విడిచి వెళ్లలేదు. కాగితపు సంచులు మాయమయ్యాయి. 2009 జూన్‌లో, ఒక ఆదివారం మధ్యాహ్నం, మన జట్టు తన చరిత్రలో తొలిసారిగా అంతిమ పోటీలోని నిర్ణాయక ఆట ఆడింది. ఏడు సెకన్లు మిగిలి ఉండగా మనం ఒక్క పాయింటు వెనుకబడి ఉన్నాం. బంతి ఓరిన్ చేతిలో, గింటారస్ ఎడమ మూలలో. గింటారస్‌ను నీడలా అంటిపెట్టుకున్న ప్రత్యర్థి అకస్మాత్తుగా అతణ్ణి వదిలి, కోర్టుకు అడ్డంగా, ఎవరూ లేని కుడి మూలకు పరుగుతీశాడు. గింటారస్‌కు బంతి అందింది. అడ్డు లేదు. మన జట్టు విజేతగా నిలిచింది.

ఎందుకు అటు పరుగెత్తావని విలేకరులు అడిగితే, ఆ ప్రత్యర్థి, “కుడి మూలలో ఒకడు చేతులెత్తి బంతి అడుగుతున్నాడండీ. వీళ్లు ఆరుగురు ఆడుతున్నారని రెఫరీకి చెప్పబోయాను. తిరిగి చూస్తే అయిదుగురే ఉన్నారు,” అన్నాడు. ఆ సమయంలో లాహ్తి గారు సంబరాల్లో లేరు. ఖాళీ అయిన శాలలో, కుడి మూల మొదటి వరుసలో ఒంటరిగా కూర్చుని, పక్క కుర్చీ మీద చెయ్యి వేసి, పెదవులు మెల్లగా కదుపుతూ ఉండడం మన సిబ్బందిలో ముగ్గురు చూశారు. ఆయన ఏమంటున్నారో వినడానికి దగ్గరకు వెళ్లే ధైర్యం ముగ్గురికీ కలగలేదు. ఎన్నడూ అడగనూ లేదు.

ఆ తరువాతి పదమూడేళ్లలోనూ వారు అదే నిరాడంబరతతో, అదే దీక్షతో సేవలందించారు. మరొక విజేత కప్పు తెచ్చారు. రెండు ఘోరమైన ఎంపికలూ చేశారు, వాటిని తమ తప్పులుగానే అంగీకరించారు. 2022 జూన్ 30న పదవీ విరమణ చేస్తున్న ఈ సందర్భంలో, రేపటి నుంచి ఏం చేస్తారని డిట్మర్ గారు అడిగారు.

“ఆ రెండేళ్లలో ఓడిపోయిన నూట ముప్పై అయిదు ఆటలూ మళ్లీ చూస్తా,” అన్నారు లాహ్తి గారు. “గెలిచినవి లోకమంతా చూసింది. అవి నేను తప్ప ఎవరు చూస్తారు?”

ఆ నూట ముప్పై అయిదూ తీరిగ్గా చూసి, నచ్చినవి రెండోసారి కూడా చూసేంత దీర్ఘాయువూ, చెదరని కంటిచూపూ వారికి కలగాలనీ, ఐలా గారి సాహచర్యంలో, టూ హార్బర్స్ పట్టణంలో సరస్సు ఒడ్డున కట్టుకున్న చిన్న ఇంట్లో, వెచ్చని ఆవిరిస్నానాలతో, చేపల వేటతో, మనుమల అల్లరితో, ఏ మోకాలి నొప్పీ ఎరుగని నిండు ఆరోగ్యంతో వారు నూరేళ్లూ దాటి జీవించాలనీ సహోద్యోగులందరి పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాము.