రెండు చెక్క దిమ్మలు

రొమేనియాలో ఓ పల్లె బడి. తనిఖీకి వచ్చినావిడ కొత్త జారుడుబల్ల పైఅరుగు ఎక్కి, చుట్టూ ఉన్న కమ్మీల సందులో రెండు చెక్క దిమ్మలు పెట్టి చూసింది. ఆ కమ్మీలు బిగించిన ఊరి కమ్మరికి ఒళ్లు మండిపోతోంది.

“చిన్న దిమ్మ దూరింది, పెద్దది దూరలేదు. దీన్ని తెరవడానికి వీల్లేదు మేస్త్రీ.”

“పెద్దది పిల్లల తల కొలతన్నారుగా. తల పట్టకపోతే మంచిదే కదమ్మా? అవతల ప్రారంభానికి పవిత్ర జలం చల్లడానికి ఫాదర్ గారు తులసి రెమ్మ ముంచుకుని నిలబడ్డారు.”

“చల్లుకోమనండి. నీళ్లు చల్లితే సందు తగ్గదు.”

“ముప్పై ఏళ్లుగా ఇదే కొలతమ్మా. ఒక్కడూ వేలెత్తి చూపలేదు.”

“చిన్న దిమ్మ పిల్లల ఒంటి కొలత. వాళ్లు ముందు తల పెట్టరు, కాళ్లు పెడతారు. ఒళ్లంతా కిందికి జారిపోతుంది, తల మాత్రం పైన ఇరుక్కుంటుంది. కాళ్లకి నేల అందదు.”

కమ్మరి ఆ సందుకేసి చూసి, చెయ్యి చాపాడు.

“ఆ దిమ్మలు ఓసారి ఇస్తారా?”

“ఎన్నిసార్లు కొలిచినా ఇంతే మేస్త్రీ.”

“ఇక్కడికి కాదమ్మా. మా మేడ వరండాకీ ఇదే కొలత పెట్టాను. మా మనవరాలు ఇలింక ఇప్పుడు అక్కడే ఆడుకుంటోంది.”

“దిమ్మలతో పనేంటి? ముందు పరిగెత్తండి.”