తాడు వేసే ముందు

ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా మారి, పాచికలు దొర్లిస్తూ కథ నడిపే ఆట అది. స్నేహితులు వచ్చేలోగా కూతురు బల్ల మీద పటం పరుస్తోంది. తొలిసారి ఆడబోతున్న తండ్రి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

“ముందే చెప్తున్నా నాన్నా. ఇంకొకళ్ల పాచికలు ముట్టుకోకూడదు.”

“సరే.”

“నా పాత్ర ఏం చెయ్యాలో మీరు చెప్పకూడదు.”

“నువ్వు గోతిలోకి నడుస్తున్నా?”

“నడుస్తున్నా సరే.”

“చూస్తూ ఎలా ఊరుకుంటానే?”

“నా చదువప్పుడు ఊరుకోలేదు, ఉద్యోగమప్పుడూ ఊరుకోలేదు. ఇక్కడ ఊరుకోవాల్సిందే.”

అప్పటికే పటం మీదికి చాచిన చేతిని ఆయన ఒళ్లోకి లాక్కున్నాడు.

“ఊరుకుంటా. నువ్వు పడ్డాక, నా వంతులో తాడు వెయ్యొచ్చా?”

“వెయ్యొచ్చు. కావాలా అని ముందు అడగాలి.”

“వద్దంటే?”

“తాడు చేత్తో పట్టుకుని కూర్చోండి.”

“కూర్చుంటా. నువ్వు పిలిచేదాకా కూర్చుంటా.”