చింతగింజంత మోటరు

మెదక్ రోడ్డు మీద కాశీనాథం మోటర్ వైండింగ్ షాపు ముందు రెండు బెంచీలు ఉంటాయి. ఒకటి మోటర్లు తెచ్చినవాళ్ళకు, రెండోది కాశీనాథం మాటలు వినేవాళ్ళకు. ఆ రోజు లింగవ్వకు రెండో బెంచీ మీదే చోటు దొరికింది. ఏ జన్మలో చేసుకున్న పాపమో మరి.

పొద్దున్నే ఆమె మల్లేశ్ ఆటోలో తన పొలం బావి మోటరు వేసుకుని వచ్చింది. వచ్చినదీ వచ్చినట్టే సంగతంతా వరసగా చెప్పింది కూడా. స్టార్టరు దగ్గర తీగలు తెగితే మరిది అతికాడు. అప్పటినుంచి మోటరు గట్టిగానే మోగుతోంది కాని పైపులో నీళ్ళు మాత్రం దారపు పోగులా వస్తున్నాయి. వరి పొట్టకొచ్చింది. మూడు రోజులుగా మడి తడవలేదు. పొట్ట మీదున్న వరికి నీళ్ళు అందకపోతే ఏమవుతుందో రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు, గింజ కట్టదు, తాలు మిగులుతుంది.

కాశీనాథం ఆ మాటల్లో సగమే విన్నాడు. మోటరు మీదికి వంగి, పెళ్ళివారింట్లో పప్పు మాడిందేమో చూసినట్టు ఒక్కసారి వాసన చూశాడు.

"కాలింది చెల్లె. కాయిల్ మొత్తం మళ్ళ చుట్టాలె. వారం దినాలు."

వారం! లింగవ్వ ముందుకు జరిగింది. "అన్నా, జర జల్దీ చెయ్యరాదె..." అనబోయింది. అప్పటికే కాశీనాథం చెయ్యి బల్ల మీదున్న నల్లటి బొమ్మ రైలింజను మీదికి పోయింది. పక్కనే చాయ్ బండి నడిపే బాలమణి అది చూసి స్టవ్వు మంట తగ్గించింది. చెయ్యి అటు పోయిందంటే రెండు చాయ్‌ల కథ ఉందని ఆమెకు తెలుసు.

"గిదేందో ఎరుకేనా చెల్లె? వివేక్ సారుది, రిపేరుకిచ్చిండు. ఇంట్ల హాలు చుట్టు పట్టాలు ఏసుకున్నడు. గిది నడుస్తుంటె గొట్టంల నుంచి నిజం పొగ వస్తది."

నిజంగానే వస్తుంది, అందులో కోతలేమీ లేవు. ఇంజను కడుపులో ఒక చిన్న డబ్బీ, డబ్బీలో నూనె తాగిన ఒత్తి, ఆ ఒత్తిని వేడి చేసే సన్నతీగ. అయితే పొగ పుట్టగానే సరిపోదు గదా, దాన్ని గొట్టంలోంచి బయటికి నెట్టేవాడొకడు ఉండాలి. ఆ పని ఒక బుల్లి ఫ్యాను చేస్తుంది. ఆ ఫ్యానును తిప్పే మోటరు చెడిపోయింది.

"హైదరాబాదుల ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేసిన్రు. నేనేం జేసిన? పాత మోటరు పీకిన. చింతగింజంత ఉంటది. కొత్తది పెట్టిన. ఫ్యాను రెక్క గోడకు రాసుకోకుండ వెంట్రుకంత సందు ఇడిసిన. కొత్తోడైతె గప్పుడే మూత బిగిస్తడు. నేను బిగియ్యలే. బ్యాటరీ పెట్టి, ఊదుబత్తి దగ్గర పట్టి చూసిన. ఫ్యాను తిరుగుతుంది, సప్పుడు వస్తుంది, గాలి మాత్రం సన్నగ. ఎందుకు? ఉల్టా తిరుగుతుంది! రెండు వైర్లు ఇటుది అటు, అటుది ఇటు మార్చిన. గంతే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

లింగవ్వ తల ఎత్తింది. "వైర్లు మారిస్తె సరిపోయిందా అన్నా?"

"ఆఁ, గది చిన్న ముచ్చట. అసలుది ఇను. మోటరు గంత సన్నదాయె, ఆవగింజల సగం..."

"ఇప్పుడే చింతగింజంటివి గద కాకా," అన్నాడు మల్లేశ్.

"చింతగింజ డబ్బీ రా, మోటరు దాని లోపట! నేను శ్వాస ఇడిస్తె ఎగిరిపోతదని అర్ధగంట ముక్కు మూసుకొని బిగించిన. ఇగ స్విచ్చేసిన సూడు, పొగ! షాపు నిండింది, రోడ్డు నిండింది, పట్టపగలు బస్సులు లైట్లేసుకున్నయి. చేర్యాల బస్సు డ్రైవరు మంచు అనుకొని, దారి దొరకక మళ్ళ చేర్యాలకే పోయిండు. ఆడ బట్ట మీద నకాషీ బొమ్మలేసెటోళ్ళు గా పొగ చూసి, గింత పొగ గియ్యాలంటె బట్ట సాలదని ఇంకో ముప్పై గజాలు తెప్పించుకున్నరు!"

"అన్నా, గా దినం నేను గీడనే ఉన్న," అంది బాలమణి. "నాకు పొగ అగుపడలేదేంది?"

"పొగల నువ్వే ఎవలకు అగుపడలే. పొగ నీకెట్ల అగుపడతది?"

మల్లేశ్ చాయ్ మింగలేక దగ్గాడు. లింగవ్వ నవ్వలేదు. ఆమె కళ్ళు షాపు మూలకున్న తన మోటరు మీదే ఉన్నాయి. సప్పుడు వస్తుంది, గాలి మాత్రం సన్నగ. సప్పుడు వస్తుంది, నీళ్ళు మాత్రం సన్నగ. ఎక్కాలు అప్పజెప్పే పిల్లలా ఆ రెండు మాటలూ పెదవుల మీదే తిప్పుకుంటోంది.

"అన్నా, నా మోటరు..."

"ఆగు చెల్లె, రైలు ఇంకా కదలనే లేదు. ఫ్యాను స్పీడు ఎట్లున్నదంటె, బాలమణి గిలాసలు గిరగిర తిరిగినయి, ఇబ్రహీంపూర్ మీదున్న మబ్బు ఒకటి దారి తప్పి నా షెటరు కాడికి వచ్చింది. గప్పుడు గీ ఇంజను బల్ల దిగింది! దిగి, రోడ్డెక్కి, సక్కగ మన రైల్వే స్టేషనుకు పోయింది. ప్లాట్‌ఫారం మీద జనం గిదే బండి అనుకొని ఎక్కిన్రు."

"గింత దాంట్లనా? ఎట్ల కూసున్నరు కాకా?"

"కూసోలే. సీట్లు యాడివి? నిలవడ్డరు! గార్డు పచ్చజెండ ఊపిండు. ఇగ ఆగుతదా? పెద్ద రైలు ఎనుక నుంచి కూత పెడుతుంది, జరుగు జరుగుమని. నేను ఉరికిన. దుద్దెడ కాడ అందుకున్న. ఒక్క చెయ్యి, ఇగో, గీ కుడి చెయ్యి, ఇంజను ముందట అడ్డం పెట్టిన. ఆగింది. గా పెద్ద రైలును గూడ గదే చేత్తోటి, డబ్బాలు, మనుషులు, మూటలు అన్నిటితోటి లేపి పక్కకు పెట్టి, దారి ఇడిసి, మళ్ళ పట్టాల మీద పెట్టిన. డ్రైవరు దిగి దండం పెట్టిండు!"

కాశీనాథం కుడి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. లింగవ్వ బెంచీ మీంచి లేచింది.

"అన్నా, నా మోటరుకు కరెంటు పెట్టు."

"కాలినదానికి కరెంటు పెడితె పొగ లేస్తది చెల్లె."

"లేవనీ. పొగ నీకు కొత్తదా?"

బాలమణి గిలాసలు కడగడం ఆపింది. మల్లేశ్ లేచి వచ్చి నిలబడ్డాడు. ఇద్దరు చూస్తుంటే కాశీనాథం తప్పించుకోలేకపోయాడు. గొణుక్కుంటూ మూడు తీగలు బిగించాడు, స్విచ్చు వేశాడు. మోటరు ఒక్కసారి అదిరి, ఆ తర్వాత తేనెతుట్టెలా ఒకే తీరున మోగింది. అందరూ దాని మీదికి వంగారు. మాడు వాసన లేదు. పొగ లేదు.

"పొగేది అన్నా?" అంది లింగవ్వ.

"ఉన్న పొగంత రైలుకే ఖర్చయిపాయె," అంది బాలమణి.

"మోటరు మంచిగనే ఉన్నది," అంది లింగవ్వ నెమ్మదిగా, తనకు తానే లెక్క తేల్చుకుంటున్నట్టు. "మా మరిది తీగలు తారుమారు అతికిండు. బాయి కాడ ఉల్టా తిరుగుతుంది. రెండు తీగలు మారిస్తె పొద్దుగూకకముందే మడి తడుస్తది."

"గదే నేను చెప్పబోతున్న చెల్లె..."

"చెప్పినవు. రైలుకు చెప్పినవు, నా వరికి చెప్పలే. ఆడుకునే చింతగింజకు బ్యాటరీ పెట్టి, ఊదుబత్తి పట్టి చూసినవు. నా మోటరును వాసన చూసి వారం దినాలంటివి. వారానికి నా పొలంల తాలే మిగులుతది."

కాశీనాథం స్విచ్చు ఆపి, తీగలు విప్పాడు. ఈసారి అతని చెయ్యి బొమ్మ ఇంజను వైపు పోలేదు. ఆ షాపులో అంతకుముందు ఎప్పుడూ జరగని వింత అదొక్కటే.

మల్లేశ్ మోటరు ఎత్తడానికి ముందుకు వచ్చాడు. లింగవ్వ అతని భుజం పట్టి బెంచీ మీద కూర్చోబెట్టింది.

"నువ్వు చాయ్ తాగు మల్లేశూ. అన్న పెడతడు ఆటోల."

కాశీనాథం బాలమణి వైపు చూశాడు, మల్లేశ్ వైపు చూశాడు. లుంగీ ఎగగట్టి, వంగి, మోటరు కిందికి కుడిచేయి పోనిచ్చాడు. అది కదలలేదు. ఎడమచేయి కూడా పెట్టబోయాడు.

"రెండోది ఎందుకన్నా?" అంది లింగవ్వ.