రెండు గీతలు కలిసిన చోట

కూతురు ఎగుమతుల ఆఫీసులో పనిచేస్తుంది. కాగితం తయారీకి వాడే కలపగుజ్జు ముప్పై ఏళ్ల ఎగుమతుల గ్రాఫు తెచ్చి తండ్రి ముందు పరిచింది. మూతపడ్డ గుజ్జు మిల్లులో ఆయన మేస్త్రీగా చేశాడు.

"నీలం గీత మనది నాన్నా. ఎర్రది పొరుగు దేశానిది."

"మనదే పైనుందిగా!"

"మొదట్లో. ఇదిగో, ఇక్కడ వాళ్లు దాటేశారు. అక్కణ్ణుంచి మనది దిగడమే."

ఆయన వేలు ఎర్ర గీత మొదట్లో ఆగింది.

"ఈ గీత మొదలైన ఏడే ఆ దేశంవాళ్లు నలుగురు మా మిల్లుకొచ్చారు, పని నేర్చుకోవడానికి. నాకే అప్పగించారు."

"నువ్వా నేర్పింది?"

"గుజ్జు పిడికిట్లో పిండితే ఉడికిందో లేదో తెలుస్తుంది. ఏ పుస్తకంలోనూ ఉండదు. అదీ చెప్పాను."

"ఎందుకు చెప్పావు?"

"మిల్లు మూసినరోజు మీ బాబాయీ ఇదే అడిగాడు. వాడి ఉద్యోగమూ పోయిందిగా. చనిపోయేదాకా మళ్లీ నాతో మాట్లాడలేదు."

ఆమె గ్రాఫు చుట్టబోతే ఆయన చెయ్యి అడ్డుపెట్టాడు.

"వాళ్లలో ఒకడికి ఆవిరి తగిలి చెయ్యి కాలింది. కట్టుతోనే వచ్చి నేర్చుకునేవాడమ్మా. అలాంటివాడి దగ్గర ఎలా దాచను?"

"నువ్వు చెప్పకపోయినా నేర్చుకునేవాళ్లే నాన్నా. మన అడవులే తరిగిపోయాయి. మిల్లు మూతపడింది నీ వల్ల కాదు."

ఆయన వేలు రెండు గీతలు కలిసిన చోటుకు జరిగింది.

"ఈ మాట మీ బాబాయి బతికుండగా వాడికి చెప్పాల్సిందమ్మా" అన్నాడు.