గరుడుని మీది రంగు

ఒక బొమ్మ గొప్పదని ఎవరు చెప్పాలి? గీసినవాడా, చూసినవాడా, ఇద్దరూ పోయాక మిగిలే కాలమా? కాలేజీలో చదువుకున్న నాటి నుంచి ఈ ప్రశ్న నా వెంట వస్తూనే ఉంది. దీన్ని మొదటిసారి పైకి అడిగింది రామానుజం గారినే. ఈ సాయంత్రం ఆయన లేని సభలో మళ్ళీ అడగవలసి వచ్చింది.

పెద్దలారా, తల్లులారా, శాలిబండ నుంచి, లాల్‌దర్వాజా నుంచి పనులు మానుకొని వచ్చిన మిత్రులారా! గుడి గోడ బయట, ఈ వాహనాల కొట్టం ముందు ఇంతమందిమి కూర్చున్నాం. వాళ్ళింటి తలుపు వెనక సులోచనమ్మ గారు వింటున్నారు. ఆమె భర్త, మన పిల్లలకు బడిలో డ్రాయింగు నేర్పిన మాస్టారు, ఏటేటా స్వామి వాహనాలకు రంగులు వేసిన మనిషి, మన రామానుజం గారు ఇక రారు.

ఆయన్ను తలచుకుంటే ముందు బహస్, బొమ్మల మీద ఆ వాదులాట గుర్తుకొస్తుంది. నైజాం కాలంలో శుక్రవారం, జుమ్మా నాడు, తరువాత ఆదివారం నాడు. సెలవు రోజు మారింది గాని మన లైబ్రరీ వరండాలో ఆ లొల్లి మాత్రం ఆగలేదు. విదేశీ పత్రికల్లోంచి కత్తిరించిన రంగుల బొమ్మలు చాప మీద పరిచేవాళ్ళం. ఒక పక్క రామానుజం గారు, ఎదురుగా వకీలు విఠల్‌రావు గారు.

విఠల్‌రావు గారికి రవివర్మను మించినవాడు లేడు. పికాసో పేరెత్తితే మండిపడేవారు. "అరే భాయ్, కన్ను ఉండాల్సిన తావుల చెవి పెట్టినోడు పెయింటరా? నా మొఖం గట్ల గీస్తే దావా ఏస్త!" అనేవారు. మాస్టారు ఊరుకుంటారా? "నీ లక్ష్మీదేవి పొద్దంత పువ్వు మీదనే నిలబడ్డది గద, కాళ్ళు గుంజుతలేవా ఏంది? జెర్రంత అలసటన్న సూపియ్యకపాయె నీ రవివర్మ!"

నవ్వలేక చచ్చేవాళ్ళం. కాని మరుసటి వారం ఎవరైనా పికాసోను మెచ్చుకుంటే చాలు, మాస్టారు అటు తిరిగేవారు. "పత్రికల రాసిండ్రని గొప్పోడాయెనా? రవివర్మ గీసిన ఆ చీర అంచు చూడు, చేత్తోని ముట్టుకోబుద్ధయితది" అనేవారు. మాస్టారూ, ఇంతకూ మీ అభిప్రాయం ఏమిటని విసుక్కున్నాను ఒకసారి. "ఇయ్యాల చూసిన కన్ను రేపు ఉండదమ్మా" అన్నారు. తప్పించుకున్నారనుకున్నాను. ఇప్పుడు ఆ మాట అంత తేలికగా కనిపించడం లేదు.

మిత్రులారా, మన గుడి వాడుక మీకు తెలుసు. బ్రహ్మోత్సవాల ముందు కిందటేటి రంగంతా గీకేయాలి, కట్టె తేలాలి, అప్పుడు కొత్త రంగు. వాళ్ళ తాత గీకారు, తండ్రి గీకారు, ఆయనా గీకారు. ఒక ఏడు హంస వాహనం ఎంత బాగా వేశారో! రెక్కల కింద ఆ నీలం నాకు ఇంకా కళ్ళలోనే ఉంది. మరుసటేడు గరుకు కాగితంతో ఆయనే దాన్ని రుద్దుతుంటే నా ప్రాణం ఉసూరుమంది. మాస్టారు తలెత్తి, "స్వామికి ఏటేట కొత్త బట్ట కడతం. పాత బట్ట దాసిపెడతమా?" అన్నారు. అందుకే ఆయన ఇంటి గోడ మీద ఆయన చేతి బొమ్మ ఒక్కటీ లేదు. జీవితమంతా బొమ్మలు వేసిన మనిషి ఇంట్లో ఒక్కటీ లేదు!

ఉన్నదల్లా ఈ కొట్టంలో ఉంది. కిందటేడు వేసిన వాహనాలు, అందులో ఈ గరుడుడు. ఒక కన్ను మన వైపు, ఒక కన్ను పైనున్న స్వామి వైపు. ముఖం రెండు దిక్కులా లాగినట్టుంటుంది. మన వీధి పెద్దావిడ రంగనాయకమ్మ గారు అందరిముందూ అడిగేశారు. "గరుత్మంతునికి పక్షవాతమొచ్చిందా ఏంది, రామానుజం?" ఆయన నవ్వి, "మోసెటోని మొఖం గట్లనే ఉంటది, అవ్వా!" అన్నారు.

గరుడసేవ నాడు పెట్రోమాక్సు వెలుతురులో వాహనం మూల మలుపు తిరిగినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. ఇంత గొప్ప బొమ్మ నేను చూడలేదనుకున్నాను. మర్నాడు పొద్దున ఇదే కొట్టంలో, ఎండలో చూశాను. లైబ్రరీలో చాప మీద పరిచిన పికాసో కాగితం ఏదో చూసి వేసినట్టే అనిపించింది. ఆ రెండు చూపులూ నావే. ఏది నిజం?

ఇంట్లో మైల తీరింది. రేపు గోపాలకృష్ణ, మాస్టారి అన్న కొడుకు, మొదటిసారి గీకుడు మొదలుపెట్టాలి. చేతికి పని రాక కాదు, మనసు రాక కూర్చున్నాడు. పికాసోను ఇన్నేళ్ళు తిట్టిన విఠల్‌రావు గారే, "గా బొమ్మ గీకుతే నేను ఈ గుళ్ళె అడుగు పెట్ట" అంటున్నారు. పాత రంగుతో స్వామి వీధికి రాకూడదని అర్చకులు అంటున్నారు. సులోచనమ్మ గారు ఒక్కటే అడిగారు. "ఆయన చెయ్యి ఇంకెక్కడున్నది?"

మాస్టారు ఏమనుకున్నారు? మంచాన పడ్డాక, "వాడుక తప్పొద్దు, పోరనితోని కట్టె తేలెదాంక గీకియ్యుండ్రి" అన్నారు. నేను విన్నాను. ఆ తరువాత మూడో నాడో నాలుగో నాడో నన్ను దగ్గరికి పిలిచి, "గరుడుణ్ణి తడిగుడ్డతోని తుడవొద్దని చెప్పమ్మా, రంగు లేస్తది" అన్నారు. అదీ నేనే విన్నాను. గీకేసే రంగు లేస్తే ఏమిటి, మాస్టారూ? అడగలేకపోయాను. ఇంక ఎవరిని అడగను?

చదువుకున్నదానివి, గొప్ప బొమ్మ అని నువ్వంటే ఉంచుతాం, కాదంటే గీకుతాం అని పెద్దలు ఈ మాట నా మీద పెట్టారు. పుస్తకాల్లో పేరున్నవాళ్ళ గురించి ఎంతయినా మాట్లాడగలను. వాళ్ళ బొమ్మలు గీకడానికి ఎవరూ గరుకు కాగితం పట్టుకొని కూర్చోలేదు.

అందరం లేచి నిలబడదాం. గోపాలకృష్ణా, కొట్టం తెరిచి గరుడుని మీది గుడ్డ తీసెయ్ నాయనా. తలలు వంచకండి, ఆ ముఖం వైపు చూడండి. కాసేపు ఎవరూ బాగుందనవద్దు, బాగాలేదనవద్దు. ఆయన ముందు మనం ఏనాడూ ఊరుకోలేదు, ఈ ఒక్కసారి ఊరుకుందాం. ఆ తరువాత నా మాట కోసం చూడకండి. అది గొప్ప బొమ్మ అవునో కాదో నాకు తెలియదు. గొప్పదే అయితే ఉంచాలో, గీకాలో, అదీ నాకు తెలియదు.