గేటు కాడ సాక్ష్యం

హలో… ఆ, నేనే రాజూ, మీ దెబోరా వదిననే. గొంతు మర్చిపోతివా?

…

తెలుసు. అత్త పోయిందని తెల్లారక ముందే సిరి ఫోన్ చేసింది. నీ కూతురికి నా నంబరు తెల్లవారుజామున గుర్తొచ్చింది. నీకు పది గంటలకు గుర్తొచ్చింది.

…

ఏడ్చినా. ఏడ్వకుండా ఎట్లుంటా? ఇరవై ఆరేండ్లు ఒకే పొయ్యి మీద వండుకొని తింటిమి అత్తా కోడలూ. నా సంగతి వదిలెయ్. నువ్వు యాడుండావు ఇప్పుడు?

… గేటు కాడనా? ఏ గేటు?

… మీ అపార్ట్‌మెంట్ గేటా! లోపలికి పోకుండా ఆడేం చేస్తాండావు, ఈ ఎండలో?

… ఊ…

… వాచ్‌మన్ ఆపినాడా?

ఉండు, ఉండు. నాకు అర్థమయ్యేటట్టు చెప్పు. అంబులెన్స్‌లో మీ అమ్మ ఉండాది. నాలుగో అంతస్తులో నీ సొంత ఫ్లాటు ఉండాది. నీ ఫ్లాటుకు నీ కన్నతల్లిని తీసుకపోనీరు. అంతే గదా?

…

నవ్వలేదు రాజూ. ఈ పొద్దు నవ్వే పొద్దా? దగ్గినా.

… రూలా? ఏం రూలు?… చెప్పు, నాకు తెలీదనుకో.

… 'మృతదేహాలను ఆవరణలోకి అనుమతించరు.' ఆ… లిఫ్టులో అద్దం పక్కన అంటించినారే, అదే గదా. ఎవురు రాసినారది?

… అసోసియేషన్ అంటే ఎవురు? ఆ యేడు ప్రెసిడెంటు ఎవురు?

…

చెప్పవు. నేను చెప్తా. సుందరరాజు. కింద నీ సంతకం కూడా ఉండాదంట. సిరి చదివి చెప్పింది.

… నాకు కాదు, మీ అమ్మకు. అత్తకు చదువు రాదు గదా. డయాలిసిస్‌కు పోయేటప్పుడు, వచ్చేటప్పుడు ఆ కాగితం ముందరే నిలబడేది. 'ఏముందే దాంట్లో' అని మనవరాలిని అడిగింది. పిల్ల చదివింది. కింద పేరు కూడా చదివింది… ఆ పొద్దు నాకు ఫోన్ చేసి 'కింద వాని పేరే ఉండాదే' అని పెట్టేసింది మీ అమ్మ.

… లేదు, నీకెందుకు చెప్తాది? నీ ఇంట్లో కూడు తింటాండె.

…

పాత కథనా? మూడేండ్లు కూడా కాలేదు, అప్పుడే పాతదయిందా? అయితే నేను కొత్తగా చెప్తా, విను. ఎట్లయినా గేటు బయటే ఉండావు, పనేముంది నీకు?

మీ అన్న రూబెన్ మీ నంద్యాల ఆస్పత్రిలో పాణం ఇడిసినాడు. వాన. వక్కిలేరు పొంగి ఆళ్లగడ్డ రోడ్డు ఆగిపోయింది. ఆస్పత్రి వాళ్లు తీసుకపొండి, తీసుకపొండి అంటాండారు. యాడికి తీసుకపోవాల? అంత పెద్ద ఊర్లో మాకు తెలిసిన తలుపు నీదొక్కటే. పైకి కూడా వద్దంటి. కింద కార్లు పెట్టే చోట ఒక మూల చాలు, ఒక గంట, స్నానం చేపిచ్చి గుడ్డలు మారుస్తామంటి. నువ్వేమంటివి?

…

గుర్తు లేదా! 'పిల్లోళ్లు తిరిగే చోటు వదినా, దడుచుకుంటారు' అంటివి. గొడుగు కింద నిలబడి అంటివి. పోతా పోతా ఆ గొడుగన్నా ఇయ్యలేదు నాకు.

టైర్ల అంగడి మూసింటే, ఆ రేకు కింద మీ అమ్మ చీర అడ్డం పట్టుకునింది. నేను నా మొగునికి నీళ్లు పోసినా. బస్సులు పోతాంటే బస్సుల్లో జనం కిటికీల నుంచి చూస్తాండారు. అత్త చేతుల్లో నుంచి చీర జారిపోతాంది, మళ్లా ఎత్తుతాంది, మళ్లా జారుతాంది. డెబ్బై ఏండ్ల మనిషి. రోడ్డుకు ఈ పక్క మేము. ఆ పక్క నీ అపార్ట్‌మెంట్ లైట్లు.

… ఆ. మీ అన్న పోయిన మూడో నెల్లో నువ్వు రూలు రాస్తివి. మళ్లా ఎవురూ అడగకుండా.

…

మీ అమ్మను చూసుకున్నావు. కాదంటానా? అత్త కిడ్నీలు పోయినప్పుడు ఆళ్లగడ్డలో ఏముండాది? వారానికి మూడుసార్లు బస్సెక్కి పోయి రావల్లంటే ఆరు నెలలకే పోయుండేది. నీ ఇంటి నుంచి ఆస్పత్రికి పది నిమిషాలు, దిగేదానికి లిఫ్టు, నడిచేదానికి సాపు రోడ్డు. రెండేండ్లు బతికింది మీ అమ్మ. ఆ రెండేండ్లు నంద్యాల ఇచ్చిందే. నా కోపం కోసరం నేను అబద్ధం చెప్పను.

అయితే ఒకటడుగుతా. నంద్యాల జిల్లా అయినప్పటి నుంచి నీ మాటలకు పట్టపగ్గాలు లేవు. కలెక్టరాఫీసంటివి, సూపర్ మార్కెట్టంటివి, మా లేఔట్లో సెంటు స్థలం దొరకదంటివి. 'ఆళ్లగడ్డలో ఏముంది వదినా, పొద్దస్తమానం బొమ్మలు చెక్కేటోళ్లు రాళ్లు కొట్టే మోత తప్ప' అంటివి. ఇప్పుడు చెప్పు. మీ ఎదురు ఫ్లాటు వాళ్లు వచ్చినారా, గేటు కాడికి?

… పేరు?

… నాలుగేండ్ల నుంచి తలుపుకెదురు తలుపు, పేరు తెలీదా?

ఈడ మా వీధికి రా. చర్చి వాళ్లు కుర్చీలు తెచ్చి వేసినారు, పక్కింటి నరసమ్మ నా పొయ్యి కాడ కూచోని అందరికీ కాఫీ కాస్తాంది. ఇంకో పక్క నా కొళాయి కాడికొచ్చి నా గుట్టంతా లాగే ముండలు గూడా వీళ్లే, అది వేరే సంగతి. సావుకు మాత్రం వచ్చినారు.

… సరే. ఇప్పుడేం కావాలో అడుగు.

… ఊ… మట్టి చేసేదానికి చోటు.

నంద్యాలలో పాత చర్చి వాళ్ల సమాధుల తోట ఉండాది గదా?

… సభ్యత్వ లెటరు లేదా! నువ్వు ఊరు మారినప్పుడు మీ అన్న నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. మన సంఘం నుంచి లెటరు తీసుకొని ఆడ చేరురా, రేపు చావుకో పెండ్లికో పనికొస్తాదని. వినలేదు. 'మేము ప్రార్థన చేసుకునే ఫంక్షన్ హాల్లో ఏసీ ఉండాది, పెద్ద తెరలుండాయి, పాటల బ్యాండుండాది' అంటివి. ఇప్పుడు అడుగు ఆ హాలు వాళ్లను, సమాధుల తోట ఉందేమో.

… లేదంట గదా. పెండ్లికి బాడుగకిచ్చే హాల్లో ఎవుర్ని పూడుస్తారప్పా?

…

ఆ, ఈడ మన సమాధుల తోట తాళం నా దగ్గరే ఉండాది. ఇప్పుడు సంఘ పెద్దను నేనే. చోటు కూడా ఉండాది, ఒక్కటి, మీ అన్న పక్కన. అది ఎవురిదో తెలుసా? నాది. నేను పోతే నన్ను ఆడ పెట్టమని రాయిచ్చుకున్నా. అది అడుగుతాండావు నువ్వు.

… కాళ్లు యాడ మొక్కుతావు, ఫోన్లోనా? వద్దు. నాకు మొక్కులొద్దు. సాక్ష్యం కావాల.

… ఏం సాక్ష్యమంటే? మట్టి చేసే ముందర ఇంటి వాళ్లు నిలబడి పోయినోళ్ల గురించి చెప్తారు గదా. ఆ సాక్ష్యం. మీ అమ్మకు ఇంట్లో నువ్వే మిగిలిన కొడుకువి, నువ్వే చెప్పాల.

… ఈడ కాదు. ఈడికొచ్చి చెప్తే ఏముంది, ఆళ్లగడ్డలో అందరికీ తెలుసు. ఆడ చెప్పు. ఇప్పుడు. నీ గేటు కాడ, నీ వాళ్ల ముందర. సెక్రటరీ ఉండాడా?… మంచిది. ఇంకా?… పది మందా. బాల్కనీల్లో నుంచి చూసేటోళ్లను గూడా కలుపుకో. ఫోను స్పీకర్లో పెట్టు, సిరి చేతికియ్యి.

…

పరువా? బస్సు జనం ముందర నా మొగుని గుడ్డలు విప్పితి నేను. నా కాడ పరువు మాట తేవద్దు.

… చెప్పకుంటే తీసుకపో. యాడికైనా తీసుకపో. జిల్లా ఊరు, రోజుకింత పెరుగుతాండాది, ఏదో ఒక మూల దొరుకుతాదిలే ఆరడుగులు.

…

…

సిరీ… ఆ, వినపడతాండాది అమ్మా. పట్టుకో గట్టిగా.

… గొంతు పెంచు రాజూ. నాకే వినపడకుంటే వాళ్లకేం వినపడతాది?

… 'మా అన్న' అంటే చాలదు. పేరు చెప్పు.

… ఊ. రూబెన్. చెప్పు.

… ఊ…

… ఎవురా మధ్యలో మాట్లాడేది? సెక్రటరీనా? కొంచెం ఓపిక పట్టండి సార్. ఆయప్ప ప్రెసిడెంటుగా ఉన్నప్పటి ముచ్చటే ఇది.

… చెప్పు. చీర ఎవురు పట్టుకున్నారు?

… ఆ. ఇప్పుడు ఆయమ్మే ఆ బండిలో ఉండేది. అది గూడా చెప్పు.

… ఆగినావే? రూలు కాడికి రా.

…

…

… ఊ.

విన్నా.

… ఏడ్వు. ఏడ్వద్దని నేను చెప్పను.

సిరీ, స్పీకర్ తీసెయ్. నువ్వు బండిలో మీ జేజి పక్కన కూచో, దారిలో శిరివెళ్ల దాటినాంక నాకు ఫోన్ చెయ్. మీ నాయనకియ్యి ఒకసారి.

రాజూ. బేగ బయలుదేరు. గుంత తయారుగా ఉండాది.

… ఎప్పుడేందీ? పొద్దున్నే. సిరి ఫోన్ పెట్టేసిన వెంటనే మనుషుల్ని పంపిస్తి. మీ అన్న పక్కనే.

… ఆ, నా చోటే. నన్ను యాడేస్తారో వేయనీ.

… అవును. నువ్వు నోరు తెరవకపోయినా అత్తను తెచ్చుకుంటాంటి. నేనే బండి మాట్లాడుకొని వచ్చేదాన్ని. గుంత కోసరం నిన్ను చెప్పమన్లేదు రాజూ. చెప్పిచ్చాలనే చెప్పిస్తి. ఇన్నాళ్ల నుంచి దీనికే కాసుకున్నా.

… చల్లబడిందా అంటే… ఏమో. ఇంకా తెలీదు.

… క్షమించడమా? అది పాస్టరు పని. ఆయప్పనడుగు.

… నీకా? నువ్వు పోయినప్పుడా?… నా చోటు మీ అమ్మకిస్తి. నీకిచ్చేదానికి నా కాడ ఇంకేం లేదు. అప్పటికి నంద్యాల ఇంకా పెద్దదయితాదిలే.

ఇంక పెట్టేయ్. నీళ్లు కాగుతాండాయి. అత్తకు స్నానం నా ఇంట్లో, నట్టింట్లో. పెట్టేయ్.